‘సర్వ’ అనే రెండక్షరాల చిక్కు

దేవుడున్నాడా లేడా అని వాదించుకునే ఇద్దరూ ఒకే దేవుడి గురించి మాట్లాడుకుంటున్నారా అన్నది చాలాసార్లు తేలకుండానే వాదన ముగిసిపోతుంది. ఉన్నాడనే ఆయన దగ్గరున్న రుజువు జగత్తుకు ఒక కర్త ఉండాలని చెబుతుంది. లేడనే ఆయన కాదంటున్నది సర్వశక్తుడు, సర్వజ్ఞుడు, పరమ దయాళువు, కాలాతీతుడు, నిర్వికారుడు అయిన పరిపూర్ణుణ్ణి. కర్త వేరు, పరిపూర్ణుడు వేరు. ఇద్దరూ ఒకరే కావచ్చు, కానీ ఆ సంగతి విడిగా నిరూపించాలి. దేవుడి గుణాల మీద తత్త్వశాస్త్రంలో నడిచిన తగాదాలు చాలామటుకు ఈ అతుకు దగ్గరే పుట్టాయని నా అభిప్రాయం.

గుణాలను పోగుచేసుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి పనిని బట్టి. జరిగిన పని ఇది, దీన్ని చేసినవాడికి కనీసం ఏమేం ఉండాలి? రెండోది పూర్ణత్వాన్ని బట్టి. ఇంతకు మించినది లేదు అనిపించుకోవాలంటే ఏమేం ఉండి తీరాలి? మొదటి దారిలో వచ్చే గుణాలు తక్కువ, కానీ ప్రతిదానికీ లెక్క చెప్పగలం. రెండో దారిలో వచ్చేవి ఘనమైనవి, కానీ పక్కపక్కన పెడితే ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. మొదటి దారిలో రుజువు సంపాదించి, రెండో దారి గుణాలను దానికి తగిలించడం మీదే నా ఫిర్యాదు. ఆస్తికులే కాదు, నాస్తికులూ దీన్ని తలకిందులుగా చేస్తారు: రెండో దేవుడిలో ఒక వైరుధ్యం చూపించి, మొదటివాడు కూడా పోయాడంటారు.

కుండ చెప్పేదెంత

పనిని బట్టి గుణాలు రాబట్టడంలో నైయాయికులంత, అంటే న్యాయదర్శనం పాటించే తార్కికులంత, శుభ్రంగా పనిచేసినవాళ్లు అరుదు. వాళ్ల అనుమానం, అంటే హేతువు చూపి తేల్చే రుజువు, ఒక్క వాక్యం: “క్షిత్యంకురాదికం సకర్తృకం, కార్యత్వాత్, ఘటవత్.” నేల, మొలక వంటివాటికి కర్త ఉన్నాడు, అవి కార్యాలు, అంటే కొత్తగా పుట్టినవి కాబట్టి, కుండలాగా. కర్త అంటే ఎవరన్నది కూడా వాళ్లు గాలికి వదిలేయలేదు. ఉపాదానం (వస్తువు తయారయ్యే ముడిసరుకు) గురించి అపరోక్ష (నేరుగా తెలిసిన) జ్ఞానం, చేయాలన్న ఇచ్ఛ, ప్రయత్నం, ఈ మూడూ ఉన్నవాడు కర్త. కుమ్మరికి మట్టి సంగతి తెలుసు, కుండ చేయాలనుకున్నాడు, సారె తిప్పాడు. మూడింట్లో ఏది తగ్గినా కుండ లేదు.

ఏ ద్రవ్యానికి ఎన్ని గుణాలో లెక్కగట్టే శ్లోకం ఒకటి తర్కం చదువుకున్నవాళ్ల నోట నానుతుంటుంది. జీవుడికి 14, దిక్కుకూ కాలానికీ ఐదేసి, ఆకాశానికి 6, “మహేశ్వరేఽష్టౌ”, అంటే మహేశ్వరుడికి 8. ఈ ఎనిమిదిని విప్పి చూడాలి. సంఖ్య, పరిమాణం, పృథక్త్వం, సంయోగం, విభాగం అనే ఐదూ దిక్కుకూ కాలానికీ ఉన్నవే. వాటిలో దైవత్వమేమీ లేదు. మిగిలినవి బుద్ధి, ఇచ్ఛ, ప్రయత్నం. సరిగ్గా కుమ్మరి దగ్గర చూసిన మూడే. అటునుంచి లెక్కపెట్టినా అంతే వస్తుంది. జీవుడి పద్నాలుగులోంచి సుఖం, దుఃఖం, ద్వేషం, ధర్మం, అధర్మం, భావన అనే సంస్కారం, ఈ ఆరూ తీసేస్తే మిగిలేవి మహేశ్వరుడి ఎనిమిది. పట్టికలో కరుణ పేరు లేదు. సర్వశక్తి కూడా లేదు. అసలు శక్తి అనేది విడి పదార్థమంటేనే నైయాయికులు ఒప్పుకోరు. (ఈ లెక్కకు న్యాయంలోనే అందరూ తలూపలేదు. ఈశ్వరుడికి నిత్యసుఖం ఉందన్నవాళ్లూ ఉన్నారు.)

ఈ ఈశ్వరుడు పరమాణువులను పుట్టించడు, జీవులను పుట్టించడు, దిక్కాలాలను పుట్టించడు. అవి ఎప్పుడూ ఉన్నవే. జీవుల అదృష్టాన్ని, అంటే వాళ్ల పాపపుణ్యాల నిల్వను బట్టి పరమాణువులను కూర్చుతాడు. శూన్యంలోంచి సృష్టించే దేవుడితో పోలిస్తే ఈయనది చిన్న ఉద్యోగమే. కానీ ఆయనకు ఆపాదించిన ప్రతిదీ ఏదో ఒక పనికోసం ఆపాదించిందే, ఊరికే పొగడ్తకు చేర్చినది ఒక్కటీ లేదు. నాకు నచ్చేది ఇదే.

చిక్కు ఎక్కడంటే, ఈ మూడు గుణాలతో ఆగకుండా సర్వజ్ఞత్వానికి వెళ్లిపోవడంలో. అన్ని కార్యాలకూ కర్త కాబట్టి అన్ని ఉపాదానాలూ తెలిసి ఉండాలి, పరమాణువుల దగ్గర్నుంచి జీవుల అదృష్టం దాకా అంతా తెలియాలి, కనుక సర్వజ్ఞుడు అంటారు. దృష్టాంతం వైపు ఒక్కసారి తిరిగి చూడండి. కుమ్మరికి మట్టి తెలుసు గానీ మట్టిలోని పరమాణువులు తెలుసా? తెలియవు. అయినా కుండ అయింది. పనికి కావలసినంత తెలిస్తే చాలునని కుండ చెబుతోంది, అంతా తెలియాలని కాదు. అలాగే ‘ఒకే కర్త’ అన్నది లాఘవం మీద ఆధారపడింది: ఒకడితో సరిపోతే ఇంకొకణ్ణి కల్పించడం దండగ. కానీ రథాలను, మేడలను పదిమంది కలిసి కట్టడం రోజూ చూస్తున్నదే. ఇక శరీరం సంగతి. చూసిన కర్తలందరికీ శరీరం ఉంది. శరీరం కర్తృత్వానికి అవసరం కాదని నైయాయికుడు పక్కన పెడతాడు, జ్ఞానాన్ని మాత్రం అవసరమని ఉంచుకుంటాడు. కుండలోంచి ఏది తీసుకోవాలి, ఏది వదిలేయాలి అని కోసే కత్తి ఎక్కడి నుంచి వచ్చింది? కుండ నుంచి మాత్రం కాదు.

స్కాట్లండ్ తత్త్వవేత్త హ్యూమ్ మతం మీద రాసిన సంభాషణలు ఆయన పోయాక 1779లో అచ్చయ్యాయి. వాటిలోనూ ఇదే పట్టు. కార్యానికి తగ్గ కారణాన్నే ఒప్పుకోవాలి, అంతకు మించి ఒక్క వీసం కూడా ఇవ్వకూడదంటాడు. అనేకమంది కర్తలు, ఇంకా చేయి తిరగని కర్త, పని సగంలో వదిలేసి పోయిన కర్త, వీళ్లెవరూ జగత్తును చూస్తే కొట్టివేయబడరు. కత్తి రెండో దారి నుంచి వచ్చిందన్నది నా సమాధానం. పరిపూర్ణుడు ఇలా ఉండాలన్న ఊహ ముందే మనసులో ఉంది, దాన్నిబట్టి కుండను చెక్కుతున్నారు.

మించినది లేనిది

రెండో దారికి పశ్చిమాన పెద్ద పేరు క్రైస్తవ సన్యాసి ఆన్సెల్మ్‌ది, 1077–78 ప్రాంతం. దేనికన్నా గొప్పది ఊహకు అందదో అది దేవుడు. అంతకు కొన్ని శతాబ్దాల ముందే పతంజలి యోగసూత్రం 1.25, దాని మీది వ్యాఖ్య అయిన వ్యాసభాష్యం దాదాపు ఇదే బాట పట్టాయి. జ్ఞానం ఒకరిలో తక్కువ, ఒకరిలో ఎక్కువ. హెచ్చుతగ్గులున్నదానికి ఎక్కడో ఒక పరాకాష్ఠ ఉండాలి, పరిమాణానికి ఉన్నట్టే. ఆ పరాకాష్ఠ ఎవరిలో ఉందో ఆయన సర్వజ్ఞుడు.

‘పరిమాణానికి ఉన్నట్టే’ అన్న మాట దగ్గర ఆగాలి. పరమాణువు కన్నా చిన్నది, ఆకాశం కన్నా పెద్దది లేదనుకునే వ్యవస్థలో ఆ పోలిక నిలుస్తుంది. సంఖ్యలకు మాత్రం పరాకాష్ఠ లేదు, ఎంత పెద్దది చెప్పినా ఒకటి కలపవచ్చు. ఆన్సెల్మ్ కాలంలోనే గౌనిలో అనే సన్యాసి, ఇదే తర్కంతో ‘మించినది లేని ద్వీపం’ కూడా ఉండి తీరాలి కదా అని ఎత్తిపొడిచాడు. దానికి వచ్చిన మంచి జవాబు: ద్వీపానికి ఇంకో చెట్టు ఎప్పుడూ చేర్చవచ్చు, దాని గొప్పతనానికి లోపలే ఒక హద్దు లేదు. కాబట్టి ప్రతి గుణాన్నీ ముందు అడగాల్సింది ఇది: నీకు లోపలే ఒక హద్దు ఉందా? జ్ఞానానికి ఉన్నట్టే కనిపిస్తుంది: సత్యమైన ప్రతి వాక్యమూ తెలియడం. (1988లో పాట్రిక్ గ్రిమ్ అనే తత్త్వవేత్త దానికీ అడ్డుపుల్ల వేశాడు. సత్యాలన్నిటినీ ఒక సమితిగా పోగేస్తే, దాని ఉపసమితుల్లో ప్రతిదాని గురించీ ఒక కొత్త సత్యం ఉంటుంది; గణితవేత్త కాంటర్ ప్రకారం ఉపసమితులు సమితి కన్నా ఎక్కువ; కనుక ‘సత్యాలన్నీ’ అనే సమితే లేదు. సమితి లేకుండానే ‘ప్రతి సత్యమూ’ అనవచ్చునని అమెరికన్ తత్త్వవేత్త ప్లాంటింగా జవాబు.) దయకు హద్దు ఎక్కడ? ఇంకొక జీవిని సృష్టించి ఇంకొంత సుఖం ఇవ్వవచ్చు కదా? దయ విషయంలో మనం ద్వీపం దగ్గరే ఉన్నామేమోనని నా అనుమానం.

వ్యాసభాష్యంలో ఇంకో వాదం ఉంది, పొట్టిది, పదునైనది. సమానమైన ఐశ్వర్యం గల ఇద్దరు ఈశ్వరులున్నారనుకుందాం. ఒకే వస్తువును చూసి ఒకేసారి ఒకరు “ఇది కొత్తదగుగాక” అన్నారు, ఇంకొకరు “ఇది పాతదగుగాక” అన్నారు. ఒకరి మాట నెగ్గితే రెండోవారు తగ్గారు. రెండూ నెగ్గడం కుదరదు. కనుక సాటి లేనివాడు ఒక్కడే. ఎందరినో ఒప్పించిన వాదమిది. కానీ ఇందులో ఒక ఊహ దాగి ఉంది: ఇద్దరి ఇచ్ఛలూ ఎదురుపడగలవన్నది. ఇద్దరూ సర్వజ్ఞులు, పరమ మంచివాళ్లు అయితే ఎప్పుడూ ఒకటే కోరుకోవచ్చు. అప్పుడు శక్తి ఒక్కటే చూసుకుంటే ఒక్కడని తేలుతుంది, మంచితనం చేర్చగానే ఆ తేలినది కాస్తా సడలుతుంది.

శక్తికి నిర్వచనం

ఎత్తలేని రాయి అందరికీ తెలిసిందే. తాను ఎత్తలేనంత రాయిని దేవుడు చేయగలడా? చేయగలిగితే ఎత్తలేడు, చేయలేకపోతే చేయలేడు. ఎటు చెప్పినా సర్వశక్తి పోయిందంటారు. దీన్ని పిల్లల పొడుపుకథలా కొట్టిపారేయడం నాకు నచ్చదు. రాయి దేవుడి మీద చెప్పేది తక్కువ, నిర్వచనాల మీద చెప్పేది ఎక్కువ.

మొదటి నిర్వచనం: ఏదైనా చేయగలడు. ‘ఏదైనా’లో చతురస్రపు వృత్తం కూడా చేరుతుంది. ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ దాదాపు ఇక్కడిదాకా వెళ్లాడు. 1630 నాటి ఉత్తరాల్లో, వృత్తానికి వ్యాసార్ధాలన్నీ సమానం కాకుండా చేసే స్వేచ్ఛ కూడా దేవుడికి ఉందని రాశాడు. ఈ నిర్వచనం తీసుకున్నవాణ్ణి రాయి ఏమీ చేయదు. 1964లో తత్త్వవేత్త ఫ్రాంక్‌ఫర్ట్ చూపించినట్టు, ఎత్తలేని రాయిని చేయడమనే అసాధ్యాన్ని సాధించినవాడు దాన్ని ఎత్తడమనే ఇంకో అసాధ్యాన్నీ సాధిస్తాడు. కానీ ఈ నిర్వచనంతో ఇక వాదనే ఉండదు. దేవుడు మాట ఇచ్చి, నిలబెట్టుకుంటూనే తప్పగలడు. అలాంటివాడి గురించి ‘కనుక’ అన్న మాట వాడలేం.

రెండోది మధ్యయుగ క్రైస్తవ తత్త్వవేత్త అక్వినాస్ బాట: వైరుధ్యం లేని ప్రతిదీ చేయగలడు. వైరుధ్యం ఉన్నదాన్ని దేవుడు చేయలేడనకండి, అది చేయడానికి వీలుకానిదనండి, అంటాడాయన. 1963లో తత్త్వవేత్త మావ్రోడ్స్ రాయిని ఇలాగే తోసేశాడు: ‘సర్వశక్తుడు ఎత్తలేని రాయి’ అన్న మాటలోనే వైరుధ్యం ఉంది. బాగుంది. అయితే ‘తాను కట్టి తాను కదపలేని గోడ కట్టడం’ అన్న పనిలో వైరుధ్యం లేదు, ఏ తాపీమేస్త్రీ అయినా చేస్తాడు. నడవడం, మరిచిపోవడం, ఆత్మహత్య చేసుకోవడం, ఇవీ వైరుధ్యం లేని పనులే. శరీరం లేని, మరపు లేని, చావు లేని దేవుడు ఇవి చేయలేడు.

అందుకని మూడో నిర్వచనం: తన స్వభావానికి పొసగే పనులన్నీ చేయగలడు. ఇప్పుడు నడక, మరపు రెండూ తప్పుకున్నాయి. అయితే ఇంకో చోట పగిలింది. 1967లో ప్లాంటింగా ఎత్తి చూపిన మనిషి ఉన్నాడు: చెవి గోక్కోవడం తప్ప ఇంకేమీ చేయలేని స్వభావం వాడిది. తన స్వభావానికి పొసగే పనులన్నీ వాడు చేస్తున్నాడు. నిర్వచనం ప్రకారం వాడూ సర్వశక్తుడే!

ఏ నిర్వచనాన్నయినా ఇలాగే రెండు వైపులా పరీక్షించాలి. దేవుడు కానివాడు ఎవడైనా ఇందులో దూరుతున్నాడా? దేవుడే బయట మిగిలిపోతున్నాడా? రెండో నిర్వచనం దేవుణ్ణి బయట పెట్టింది, మూడోది చెవి గోక్కునేవాణ్ణి లోపలికి రానిచ్చింది. తర్వాతివాళ్లు పట్టుకున్న మార్గం, చేయగల పనుల జాబితాను వదిలేసి ఎంత శక్తి ఉందన్నది చూడటం: ఇంకెవరికీ అంతకన్నా ఎక్కువ ఉండటం సాధ్యం కాదన్నంత. పరీక్షకు ఇది చాలావరకు నిలబడుతుంది. కానీ గమనించారా, ‘సర్వ’ అన్న మాట ఎగిరిపోయి ‘అత్యధిక’ అన్న మాట వచ్చి కూర్చుంది. పీటర్ గీచ్ 1973లో నేరుగానే చెప్పాడు: భక్తుడికి కావలసింది అన్నిటిమీదా అధికారం ఉన్నవాడు, అన్నీ చేయగలవాడు కాదు. నేను ఆయన పక్షమే.

శనివారం గడ్డి

జ్ఞానం దగ్గర చిక్కు ఇంకా లోతైనది. 1965లో తత్త్వవేత్త నెల్సన్ పైక్ దాన్ని గట్టిగా బిగించాడు. జోన్స్ అనేవాడు శనివారం తన పెరట్లో గడ్డి కోశాడు. దేవుడు కాలంలో ఉన్నవాడు, స్వభావరీత్యానే సర్వజ్ఞుడు అయితే, 80 ఏళ్ల కిందటే ‘జోన్స్ ఆ శనివారం గడ్డి కోస్తాడు’ అని నమ్మి ఉంటాడు. ఆయన నమ్మకం తప్పడం అసాధ్యం. ఇప్పుడు శనివారం నాడు కోయకుండా ఉండే శక్తి జోన్స్‌కు ఉందంటే, ఆ శక్తి మూడింట్లో ఒకటై ఉండాలి: దేవుడి నమ్మకాన్ని తప్పు చేసే శక్తి, 80 ఏళ్ల కిందట దేవుడు నమ్మినదాన్ని నమ్మకుండా చేసే శక్తి, లేదా అప్పుడు ఆ నమ్మకం ఉన్నవాడు దేవుడే కాకుండా చేసే శక్తి. మూడూ మనిషి చేతిలో లేనివే. కనుక జోన్స్‌కు స్వేచ్ఛ లేదు.

దీనికి అందరూ మొదట చెప్పే జవాబు: “తెలియడం వల్ల జరగదు కదా, పంచాంగంలో గ్రహణం రాసినందుకు గ్రహణం పట్టదు.” ఈ జవాబు గురి తప్పింది. దేవుడి జ్ఞానం గడ్డి కోయించిందని పైక్ అనలేదు. వాదమంతా గతం మారదన్న దాని మీద నిలబడి ఉంది. గ్రహణం పోలిక జోన్స్‌ను ఇంకా ఇరకాటంలో పెడుతుంది కూడా, గ్రహణానికి స్వేచ్ఛ లేదు కదా.

నిజంగా జవాబు చెప్పాలంటే గతాన్నయినా, జ్ఞానాన్నయినా, కాలాన్నయినా కదపాలి. రోమన్ తత్త్వవేత్త బొయీథియస్ 524 ప్రాంతంలో కాలాన్ని కదిపాడు. దేవుడికి ముందు వెనకలు లేవు, హద్దులేని జీవితమంతా ఆయనకు ఒక్కసారిగా, సంపూర్ణంగా అందుబాటులో ఉంది. కాబట్టి ‘80 ఏళ్ల కిందట నమ్మాడు’ అన్న వాక్యమే చెల్లదు. నడిచేవాణ్ణి మనం చూస్తే వాడి నడకకు నిర్బంధం ఎలా రాదో ఆయన చూపు కూడా అలాంటిదే. అందమైన జవాబు, కానీ రెండు చోట్ల కారుతుంది. దేవుడు తనకు తెలిసినదాన్ని ఒక ప్రవక్తకు చెప్పాడనుకోండి. చెప్పిన మాట కాలంలో పడింది, మారని గతమైంది, పైక్ వాదం మళ్లీ మొదలు. రెండోది ఆంథనీ కెన్నీ పట్టుకున్నది: నిత్యత్వంలోని ఆ ‘ఒక్కసారి’ అన్ని క్షణాలతోనూ ఏకకాలికమైతే, రోమ్ తగలబడటమూ మీరు ఈ వాక్యం చదవడమూ ఏకకాలికాలు కావాలి. 1981లో స్టంప్, క్రెట్జ్‌మన్ దీన్ని తప్పించడానికి నిత్యానికీ కాలానికీ మధ్య మాత్రమే చెల్లే ప్రత్యేకమైన ఏకకాలికతను ప్రతిపాదించారు. పేరు పెట్టారు గానీ అది ఏమిటన్నది నాకు ఈనాటికీ స్పష్టం కాదు.

మధ్యయుగ తత్త్వవేత్త ఓకమ్ గతాన్నే కదిపాడు. కొన్ని గత విషయాలు పైకి మాత్రమే గతాలు. ‘నిన్న పుట్టిన ఈ పిల్ల, ముప్పై ఏళ్లకు డాక్టరయ్యే పిల్ల’ అన్నది నిన్నటి గురించినట్టే ఉన్నా సగం రేపటి మీద వేలాడుతోంది. దేవుడి పూర్వజ్ఞానమూ ఇలాంటిదేనంటాడు. స్పెయిన్ మతతత్త్వవేత్త మొలీనా 1588లో జ్ఞానాన్ని మూడు అంతస్తులు చేశాడు. ఫలానా పరిస్థితిలో పెడితే ఫలానావాడు స్వేచ్ఛగా ఏం చేస్తాడో సృష్టికి ముందే దేవుడికి తెలుసు, అది మధ్యమ జ్ఞానం. దానికి తగులుతున్న ప్రశ్న: ఆ మనిషి ఇంకా లేడు, బహుశా ఎప్పటికీ ఉండడు, మరి వాడు ‘చేసి ఉండేది’ ఏమిటన్న సత్యాన్ని నిలబెడుతున్నది ఏది? ఇక భవిష్యత్తును తెరిచి ఉంచేవాళ్లు, స్వేచ్ఛగా జరగబోయేదాని గురించి ఇప్పుడు తెలుసుకోవడానికి ఏమీ లేదంటారు. శక్తిని వైరుధ్యం లేని పనులకు కుదించినట్టే, జ్ఞానాన్ని ఉన్న సత్యాలకు కుదిస్తే సర్వజ్ఞత్వం పోదంటారు. తర్కంలో ఇదే అన్నిటికన్నా నిలకడైనది. కానీ జరగబోయేది తెలియని దేవుడు పూర్ణుడు ఎలా అవుతాడని రెండో దారివాళ్లు అడిగితే చెప్పడం కష్టం.

ఇంతకన్నా చిన్న ప్రశ్న ఒకటి నన్ను ఎక్కువ వేధిస్తుంది. క్రెట్జ్‌మన్ 1966లో వేసినది: నిర్వికారుడికి ఇప్పుడు టైమెంతో తెలుసా? ‘ఇప్పుడు’ మారుతూ ఉంటుంది, దాన్ని తెలిసినవాడి జ్ఞానమూ మారాలి. అన్ని తేదీలూ, వాటి వరసా తెలిసినా, అందులో నేడు ఏదో తెలియనివాడికి ఏదో తెలియనట్టే కదా. నిర్వికారత్వం, సర్వజ్ఞత్వం రెండూ పూర్ణత్వపు జాబితాలోనివే, రెండూ ఒకే తలుపులో పట్టడం లేదు.

గుణమూ గుణీ

గుణాలు ఒరుసుకుంటున్నాయంటే, అవి అనేకం కాబట్టి అన్నది ఒక వర్గం. అనేకం కాకుండా చేస్తే గొడవ తీరుతుంది. అక్వినాస్ ప్రకారం దేవుడికి మంచితనం ‘ఉండదు’, దేవుడే తన మంచితనం, తన జ్ఞానం, తన ఉనికి. దీనికి ప్లాంటింగా 1980లో చెప్పిన అభ్యంతరం సూటిగా ఉంది: దేవుడు ఒక గుణంతో అభిన్నమైతే ఆయన ఒక గుణమే అవుతాడు, గుణాలు ఎవరినీ సృష్టించవు, ఎవరినీ ప్రేమించవు. ఇస్లాం తత్త్వంలో అష్అరీలనే సంప్రదాయంవాళ్లు మధ్యలో నిలబడ్డారు: గుణాలు ఆయనా కావు, ఆయనకన్నా వేరూ కావు.

వేదాంతంలో ఈ తగాదా “సత్యం జ్ఞానమనంతం బ్రహ్మ” అన్న ఒక్క ఉపనిషద్వాక్యం మీద నడిచింది. శంకరుల వ్యాఖ్యలో ఆ మూడు మాటలూ బ్రహ్మకు మూడు గుణాలు తగిలించవు. అసత్యం కాదు, జడం కాదు, పరిచ్ఛిన్నం (హద్దులున్నది) కాదు అని తోసిపుచ్చుతాయి. రామానుజులు వ్యాకరణం పట్టుకున్నారు. వేరువేరు ప్రవృత్తినిమిత్తాలున్న, అంటే వాడుకకు వేరువేరు కారణాలున్న, పదాలు ఒకే వస్తువును చెప్పినప్పుడే సామానాధికరణ్యం. నిమిత్తాలు వేరైతే గుణాలు వేరు. కనుక వాక్యమే సగుణాన్ని చెబుతోంది, నిర్గుణమనే శ్రుతికి అర్థం హేయగుణాలు, అంటే చెడ్డ గుణాలు, లేవనే. వాక్యార్థం వరకు రామానుజులదే పైచేయి అని నాకనిపిస్తుంది.

నిషేధంతో దేవుణ్ణి తెలుసుకోవచ్చునన్న వాదానికి మంచి ఉదాహరణ మధ్యయుగ యూదు తత్త్వవేత్త మైమోనిడీస్ ఇచ్చాడు. ఓడ అంటే ఏమిటో తెలియనివాడికి ఒకడు అది ఖనిజం కాదని, ఇంకొకడు మొక్క కాదని, ఇలా ఒకరి తర్వాత ఒకరు చెబుతూ పోతే పదో మనిషి దగ్గరికి వచ్చేసరికి ఓడ దాదాపు పట్టుబడుతుంది. పట్టుబడుతుంది, నిజమే. ఎందుకంటే వస్తువుల జాబితా ముందే చేతిలో ఉంది, కొట్టేస్తూ పోతే కొన్నే మిగులుతాయి. జాబితాలోనే లేనిదాన్ని ఎన్ని కొట్టివేతలతో పట్టుకుంటాం?

వాన

మంచితనం దగ్గర, పనిని బట్టి పోయేవాళ్లు తమ దేవుడి హద్దును ఒప్పుకోవడం బాగా కనిపిస్తుంది. సృష్టికి ప్రయోజనమేమిటని, సృష్టికర్తను ఒప్పుకోని మీమాంసకుడు కుమారిలుడు అడిగాడు: ప్రయోజనం లేకుండా మందమతి కూడా పనికి దిగడు. కరుణతో అంటారా, సృష్టికి ముందు కరుణించడానికి ఎవరున్నారు? కరుణే అయితే అంతా సుఖమే సృష్టించాలి కదా?

బ్రహ్మసూత్రం 2.1.34 జవాబు: పక్షపాతమూ నిర్దయా లేవు, “సాపేక్షత్వాత్”. ఈశ్వరుడు జీవుల కర్మను అపేక్షించి సృష్టిస్తాడు. శంకరుల దృష్టాంతం వాన. వరికీ యవలకూ వాన ఒకటే, మొలిచేది మాత్రం విత్తనాన్ని బట్టి. మొదటి సృష్టిలో విత్తనం ఎక్కడిదంటే, మొదలే లేదు, సంసారం అనాది అని తర్వాతి సూత్రం. మంచితనాన్ని కాపాడుకోవడానికి శక్తిలో ఎంత వదులుకున్నారో ఇక్కడ దాచలేదు. వాన విత్తనాన్ని మార్చదు. ఇక మిగిలిన ప్రశ్న: కర్మకు ఫలం ఇలాగే ఉండాలన్న నియమం ఎవరిది? ఈశ్వరుడిదే అయితే కుమారిలుడి ప్రశ్న ఒక మెట్టు పైన మళ్లీ నిలబడుతుంది. కాదంటే ఈశ్వరుడి పక్కన ఈశ్వరుడు చేయనిది ఒకటి ఉంది. నైయాయికుడికి ఆ రెండోది ఇబ్బంది కాదు, ఆయన పరమాణువులను ముందే ఒప్పుకున్నాడు. ‘మించినది లేనిది’ అని మొదలుపెట్టినవాడికి మాత్రం ముల్లే.

పోతన గజేంద్రమోక్షంలో ఈ రెండు దారులూ కొద్ది పద్యాల దూరంలోనే ఉన్నాయి. “ఎవ్వనిచే జనించు జగము” అన్న పద్యంలో ఏనుగు చెప్పే గుణాలు మూలకారణత్వం, ఆదిమధ్యలయాలు లేకపోవడం, సర్వం తానే కావడం. దయ మాట అందులో లేదు. మడుగులో కాలు మొసలి నోట ఉన్నవాడికి మూలకారణంతో ఏం పని? కాసేపటికి అదే ఏనుగు “కలడో లేడో” అంటుంది, ఆ తర్వాత “రావే ఈశ్వర, కావవే వరద” అంటుంది. బ్రహ్మాదులు ఎందుకు కదలలేదో కూడా పద్యం గుణాల భాషలోనే చెబుతుంది: “విశ్వమయత లేమి వినియు నూరకయుండి”రి. వినపడక కాదు, విశ్వమయత లేక. విష్ణువుకు అది ఉంది, కాబట్టి అడ్డుపడదలచాడు. విశ్వమంతా ఉన్నవాడు మడుగులోనూ ఉన్నట్టే, మొసలి నోట్లోనూ ఉన్నట్టే. రావలసిన పనే లేదు. అయినా ఆ తర్వాత వచ్చే ఒక పద్యంలో ఆయన సిరికి చెప్పకుండా, శంఖచక్రాలు పట్టకుండా, చెవుల దాకా జారిన జుట్టు కూడా సర్దుకోకుండా, చేతిలో ఉన్న ఆవిడ పైటకొంగు వదలకుండానే బయల్దేరాడు.